సమస్య: నల్లనీట మునిగి తెల్లబడియె

నిర్వాహకుడు: మిషిగన్ మిత్రులు ఇంట్లో చేసిన బీరు బకెట్ ఫొటో పంపారు, అది చూసినప్పటి నుంచి ఈ పాదం నాలుక మీదే ఆడుతోంది. ప్రాసయతి (నల్ల–తెల్ల) కావాలనే వేశాను. కానివ్వండి.

మిషిగన్ సభ్యుడు:

చెర్రి గింజ తీసి చేర్చితి బీరులో
రంగు రుచియు పులుపు రసము నొసగి
నెలకు మూత తీయ నెఱ్ఱని పండెల్ల
నల్లనీట మునిగి తెల్లబడియె

ఇది కళ్లారా చూసి రాసిందండి. 5 గాలన్ల బెల్జియన్ డార్క్ ఏల్ అనే ముదురు రంగు బీరు, ఆ నలుపులో ఎక్కువ వంతు కాండీ సిరప్ అనే చక్కెర పాకానిదే. ఎయిర్‌లాక్‌లో (మూత మీద గ్యాస్ బయటికి పోయే గొట్టం) బుడగలు తగ్గాక మా ట్రావర్స్ సిటీ వైపు పండే మాంట్‌మరెన్సీ పుల్ల చెర్రీలు వేశాను. ముందు ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే పండు లోపల చిట్లి రసం తేలిగ్గా దిగుతుంది. నెల తర్వాత పైన ముంజల్లా పాలిపోయి తేలుతున్నాయి. ఒకటి తీసి నొక్కితే ఒట్టి తోలు!

గుంటూరు మాస్టారు: మూడో పాదం సమస్యలోకి జారిన తీరు చాలా బాగుంది. కానీ 'చెర్రి గింజ తీసి చేర్చితి' అంటే చేర్చింది పండా, గింజా? పోయిన నెల నా కంద పద్యంలో జగణం రాకూడని బేసి గణంలో అది పడిందని రెండు రోజులు వదల్లేదు మీరు. అన్వయం మీద కూడా అంత పట్టింపు ఉండాలి. ఇక నాది:

చక్కెరెచ్చు వేసి సంబరపడినంత
పగిలె సీస లింట పారె ధార
అడుగు పెట్టినట్టి యాసామి మొగమెల్ల
నల్లనీట మునిగి తెల్లబడియె

మిషిగన్ సభ్యుడు: మొగం తెల్లబడటం! ఆ ఫొటో తీసిన నాకే తట్టలేదు, దండం మాస్టారూ. చక్కెర మాట కూడా నిజమే. సీసాల్లో పోసేముందు గ్యాస్ పుట్టడానికి 5 గాలన్లకు నాలుగు ఔన్సులు వేస్తే చాలు. చెర్రీల తీపి పూర్తిగా పులవకముందే మూతలు బిగించినా పేలతాయి. అయితే సీసా దీర్ఘం పోయి 'సీస' అయింది. పగిలింది సీసమా? జగణం కంటే ఇది పెద్ద తప్పు.

నిర్వాహకుడు: ఆ కందం గొడవ అప్పుడే తేలిపోయింది. మాస్టారు ఆ గణం దిద్దారు కూడా. మళ్లీ తవ్వకండి.

బ్రస్సెల్స్ సభ్యురాలు: మాస్టారు గింజ దగ్గర ఆగారు, నేనూ అక్కడే ఆగాను. ఇక్కడ క్రీక్ అనే చెర్రీ బీరులో పుల్ల చెర్రీలను గింజతోనే నానబెట్టడం పాత పద్ధతి. గింజ వల్లే ఆ సన్నని బాదం వాసన. స్కార్‌బేక్ ఊరి పేరు మీదే ఒక చెర్రీ ఉంది. క్రీక్‌కి మూలమైన లాంబిక్ బీరు మాత్రం నల్లగా ఉండదు. ఔడెనార్డె ఊరి వైపు బ్రౌన్ ఏల్‌లో చెర్రీలు వేస్తారు, 'నల్లనీట' దానికి సరిగ్గా అతుకుతుంది. అన్నగారు గింజ తీయకుండా ఉంటే పద్యమూ బాగుపడేది, బీరూ బాగుపడేది.

గుంటూరు మాస్టారు: నా సీసా ఒప్పుకుంటున్నాను. 'పగిలె గాజుబుడ్లు పారె ధార'. 'ఇంట' పోయింది, అదొక్కటే బాధ.

మిషిగన్ సభ్యుడు: బుడ్లు అద్భుతం, 'ఇంట' లేకపోయినా పరవాలేదు. నాదీ ఒక్క మాట మారిస్తే చాలు:

చెర్రి గింజతోడ చేర్చితి బీరులో

ఫ్రీజర్‌లో ఇంకో మూడు కిలోలున్నాయి. ఈసారి గింజ తీయను.