స్టీల్ గిటార్ సాయంత్రం: నాష్‌విల్‌లో మన సంఘం కార్యక్రమానికి వాలంటీర్ల చర్చ

సమన్వయకర్త (సోమవారం రాత్రి)

అందరికీ నమస్కారం. అక్టోబరు రెండవ శనివారం జరపదలచిన సంగీత సాయంత్రానికి కార్యవర్గం ఆమోదం తెలిపింది. నాష్‌విల్‌లో పదేళ్లుగా, పదిహేనేళ్లుగా కాపురం ఉంటూ కూడా ఈ ఊరి పాటను, అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతాన్ని, కారు రేడియోలో చెవిన పడినంత మేరకే తప్ప శ్రద్ధగా కూర్చుని వినని కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి; దాచుకోవడం దేనికి, మా ఇల్లు కూడా వాటిలో ఒకటే. అందుచేత ఈసారి సినిమా పాటల పోటీని పక్కన పెట్టి, కంట్రీ పాటలో గాయకుడి వెనక గొంతు జీరబోయినట్టు వినిపించే స్టీల్ గిటార్‌ను, దాన్ని వాయించి ఎన్నో పాటలను చార్టుల్లో మొదటి స్థానానికి చేర్చినవారిని మనవాళ్లకు పరిచయం చేయాలని నిర్ణయించాము. ఊళ్లో స్టూడియో రికార్డింగులకు వాయించే ఒక కళాకారుడు వచ్చి రెండు గంటల పాటు వాయించడానికి, వాద్యాన్ని దగ్గరగా చూపించడానికి ఒప్పుకున్నారు.

నా వైపు నుంచి ఒకే ఒక పట్టు ఉంది. మన కచేరీ ఆహ్వాన పత్రికలో వయొలిన్, మృదంగం విద్వాంసుల పేర్లు వేయకపోతే ఎంత పెద్ద తప్పిదమో మనకు తెలుసు. ఇక్కడ 45 ఆర్‌పీఎం రికార్డుల కాలంలో లేబుల్ మీద గాయకుడి పేరు, పాట రాసినవారి పేరు ఉండేవి గాని, వాయించినవారి పేర్లు ఉండేవి కావు. కాబట్టి మన కరపత్రంలో ప్రతి పాట పక్కన స్టీల్ వాయించినవారి పేరు గాయకుడి పేరంత అక్షరాల్లోనే ఉండాలి. పాటల ఎంపిక, ఆ పేర్ల నిర్ధారణ కరపత్రం బాధ్యులు చూస్తారు.

కరపత్రం బాధ్యులు (మంగళవారం ఉదయం)

మొదట పేరు సంగతి తేల్చుకుందాము. స్టీల్ అన్నది గిటార్ దేనితో చేశారో చెప్పే మాట కాదు. ఎడమ చేతిలో పట్టుకుని తీగల మీద జరిపే ఉక్కు కడ్డీ వల్ల ఆ పేరు వచ్చింది. ఈ పద్ధతి పుట్టిల్లు హవాయి. పందొమ్మిదవ శతాబ్దం చివరి ఏళ్లలో జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు దీనికి రూపం ఇచ్చాడని చెబుతారు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనతో హవాయి సంగీతం అమెరికా అంతటా వ్యాపించింది. ఈ పూర్వ కథకు కరపత్రంలో నాలుగు వాక్యాలు చాలు. మన అసలు కథ 1954లో మొదలవుతుంది.

ఆ ఏడాది వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ 17 వారాల పాటు మొదటి స్థానంలో నిలిచింది. అందులో స్టీల్ వాయించినవారు బడ్ ఐజాక్స్. స్టీల్ గిటార్‌కు కాలితో తొక్కి తీగ శ్రుతిని మార్చే పెడళ్లు అంతకు ముందు నుంచే ఉన్నాయి గాని, ఒక శ్రుతి మేళవింపు నుంచి ఇంకొకదానికి మారడానికి మాత్రమే వాటిని తొక్కేవారు. తీగ మోగుతూ ఉండగా తొక్కేవారు కాదు. ఐజాక్స్ మోగుతున్న తీగల మీదే పెడల్ నొక్కారు. రెండు స్వరాలు పైకి జారుతూ ఉంటే మూడవది కదలకుండా నిలబడి ఉన్న ఆ ధ్వని విని దేశంలోని స్టీల్ వాద్యకారులు నివ్వెరపోయారు, ఆ వెంటనే తమ వాద్యాలకు పెడళ్లు బిగించుకునే పనిలో పడ్డారు. నన్నడిగితే కార్యక్రమం ఈ పాటతోనే మొదలుకావాలి.

తరువాతిది ‘క్రేజీ ఆర్మ్స్’. 1956లో రే ప్రైస్ గొంతులో ఇది 20 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది, దయచేసి ఎవరూ పొరబడకండి. ఈ పాటను చక్ సీల్స్‌తో కలిసి రాసిన రాల్ఫ్ మూనీ స్వయంగా గొప్ప స్టీల్ వాద్యకారుడు. తరువాత మెర్ల్ హాగర్డ్ రికార్డులకు వాయించారు, వేలన్ జెన్నింగ్స్ బృందంలో రెండు దశాబ్దాలు ఉన్నారు. అయినా రే ప్రైస్ రికార్డులో వాయించినది ఆయన కాదు, జిమ్మీ డే. రచయితగా మూనీ పేరు, వాద్యకారుడిగా డే పేరు వేయాలి.

శబ్ద వ్యవస్థ చూసే వాలంటీరు (మంగళవారం రాత్రి)

కళాకారుడితో నిన్న ఫోనులో మాట్లాడాను. ఆయన అడిగినవి మూడే: చేతులు లేని గట్టి కుర్చీ, ఊగని చదునైన నేల, దగ్గరలో విద్యుత్ ప్లగ్గు. ఊగని నేల ఎందుకని అడిగితే ఆయన ఓపికగా వివరించారు. వాద్యం నాలుగు సన్నని కాళ్ల మీద నిలబడుతుంది, పెడళ్ల నుంచి పైకి కడ్డీలు వెళతాయి, ఎడమ పాదం పెడళ్ల మీద, కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద, రెండు మోకాళ్లు అటూ ఇటూ మీటలను నెడుతూ ఉంటాయి. ఒక చేతిలో కడ్డీ, రెండో చేతి వేళ్లకు మీటే తొడుగులు. నాలుగు అవయవాలూ నాలుగు పనులు చేస్తూ ఉంటే కింద పలక వంగితే శ్రుతి చెదురుతుంది. కనుక మన మడత వేదిక పనికిరాదు, ఆయనను హాలు నేల మీదనే కూర్చోబెట్టి ప్రేక్షకుల కుర్చీలను అర్ధచంద్రాకారంలో వేద్దాము.

పోయిన ఏడాది దీపావళి వేడుకలో అద్దెకు తెచ్చిన ఆంప్లిఫయర్ వయొలిన్ తానం మొదలుపెట్టగానే గుయ్యిమని మోగి, ఆ అమ్మాయి కన్నీళ్లు పెట్టుకునేదాకా తెచ్చింది. ముందు రోజు ప్లగ్గు పెట్టి చూసుకోకపోవడం నా తప్పే. ఈసారి కళాకారుడు తన ఆంప్లిఫయర్ తానే తెచ్చుకుంటున్నారు. నేను శుక్రవారమే హాలుకు వెళ్లి అదే ప్లగ్గులో పరీక్షిస్తాను.

వ్యాఖ్యాత (బుధవారం మధ్యాహ్నం)

కరపత్రం చూసే అన్నయ్య గారికి ఒక మనవి. మీకు తెలిసినదంతా నా చేత చెప్పిస్తే పిల్లలు సమోసాల బల్ల దగ్గరకు చేరిపోతారు. పాటకు ఒక్క సంగతి ఇవ్వండి, నేను దాన్ని కథగా చెబుతాను. అన్ని పాటలూ నాష్‌విల్‌వేనా, బయటివి ఏమైనా ఉన్నాయా అన్నది కూడా చెప్పండి. ఇంకొకటి, పోస్టర్ ముసాయిదాలో హ్యాంక్ విలియమ్స్ బొమ్మ కింద ‘పెడల్ స్టీల్ స్వర్ణయుగం’ అని ఉంది, అది సరైనదేనా?

కరపత్రం బాధ్యులు (బుధవారం రాత్రి)

అమ్మా, మంచి చోట పట్టుకున్నారు. సరైనది కాదు. హ్యాంక్ విలియమ్స్ పాటల్లో మనకు వినిపించే ఆ పదునైన, పైస్థాయి ధ్వని డాన్ హెల్మ్స్ చేతిది. ఆయన వాయించిన గిబ్సన్ కన్సోల్ గ్రాండ్ వాద్యానికి పెడళ్లే లేవు. ‘యువర్ చీటిన్ హార్ట్’ 1952 సెప్టెంబరు 23న, హ్యాంక్ చివరి రికార్డింగు రోజున, రికార్డయింది. 1953 జనవరి 1న ఆయన చనిపోయిన తరువాత విడుదలై మొదటి స్థానానికి చేరింది. ఐజాక్స్ పెడళ్లు మోత మోగించినది అది దాటిన తరువాతి ఏడాది. పోస్టర్ మీద ‘స్టీల్ గిటార్’ అని మాత్రమే ఉంచితే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

ఇక నాష్‌విల్ బయటి పాట అంటే బక్ ఓవెన్స్ పాడిన ‘టుగెదర్ అగైన్’. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ బాణీ అది. 1964లో రికార్డుకు ఒక వైపున ‘మై హార్ట్ స్కిప్స్ ఎ బీట్’, రెండో వైపున ఈ పాట వచ్చి, రెండు వైపులూ మొదటి స్థానానికి చేరాయి. మధ్యలో టామ్ బ్రమ్లీ వాయించిన భాగం చాలా చిన్నది, ఆయన ఒక్క స్వరం కూడా తొందరపడి వేయలేదు. మన పెద్దలు విలంబంలో రాగం విప్పేటప్పుడు ఉండే ఆ నిమ్మళం అందులో ఉంది. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందంలోని జెర్రీ గార్సియా స్టీల్ నేర్చుకోవడానికి ఈ భాగమే ప్రేరణ. అదే ఏడాది గాయని కోనీ స్మిత్ మొదటి రికార్డు ‘వన్స్ ఎ డే’ ఎనిమిది వారాలు అగ్రస్థానంలో ఉంది. ఆ పాటలో మిలమిలలాడే స్టీల్ వెల్డన్ మైరిక్‌ది.

మీరు ‘ఒక్క సంగతి’ అన్నారు గనుక పీట్ డ్రేక్‌కు ఇది వాడుకోండి: 1968 నాటి ట్యామీ వినెట్ పాట ‘స్టాండ్ బై యువర్ మ్యాన్’, 1973 నాటి చార్లీ రిచ్ పాట ‘బిహైండ్ క్లోజ్డ్ డోర్స్’ రెండింటిలోనూ వాయించిన ఈ మనిషే 1970లో బీటిల్స్ బృందపు జార్జ్ హారిసన్ పిలుపు మీద లండన్ వెళ్లి వాయించి వచ్చారు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కేసరికి ఆయన చనిపోయి మూడు దశాబ్దాలు దాటింది. ముగింపుకు 1987 నాటి ర్యాండీ ట్రావిస్ పాట ‘ఫరెవర్ అండ్ ఎవర్, ఆమెన్’ పెట్టాను, స్టీల్ పాల్ ఫ్రాంక్లిన్. ఇటీవలి పాటలు కావాలని యువజన విభాగం అడుగుతుందని తెలుసు, కాని ఆ పేర్లు పూర్తిగా సరిచూసుకున్నాకే కలుపుతాను.

గోటువాద్యం నేర్చుకుంటున్న అమ్మాయి తల్లి (గురువారం సాయంత్రం)

మా అమ్మాయి గోటువాద్యం ఆ కళాకారుడి పక్కన వాయిస్తే ఎలా ఉంటుందని సమన్వయకర్త గారు అడిగారు. మెట్లు లేని వీణ పలక మీద నున్నని కడ్డీ జరిపి గమకం పలికించడం మాకు అలవాటైన పనే కాబట్టి నేను వెంటనే సరే అన్నాను గాని, శ్రుతి కుదురుతుందా అన్న అనుమానంతో ఆదివారం ఆయన ఇంటికి వెళ్లి కూర్చున్నాము.

ఆయన వాద్యానికి పది తీగలు. ఈ9 అనే మేళవింపు. అమ్మాయిది అయిదు శ్రుతి. ఆయన కడ్డీని మూడవ గీత మీద ఉంచి మీటగానే అయిదు శ్రుతి షడ్జమం పలికింది, ఏమీ మార్చనక్కరలేకపోయింది. అలా ఉంచి మూడు తీగలు మీటితే స, అంతర గాంధారం, ప. తరువాత ఆయన చేతులు కదపకుండా ఒక పెడల్ తొక్కారు; ప మాత్రమే జారి చతుశ్రుతి ధైవతం అయింది, మిగిలిన రెండూ అలాగే ఉన్నాయి. రెండవ పెడల్ కూడా తొక్కేసరికి గాంధారం శుద్ధ మధ్యమానికి ఎక్కి, స గ ప కాస్తా స మ ద అయిపోయింది. ‘మన చెయ్యి జరిగితే అన్ని తీగలూ జరుగుతాయి, ఆయన కాలు జరిగితే ఒక్క తీగే జరుగుతుంది’ అని అమ్మాయి అన్నది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఈ రెండు పెడళ్ల విషయంలో ఇంకో సంగతి కూడా తెలిసింది. ఐజాక్స్ కాలంలో ఒకే పెడల్ రెండు జారులనూ కలిపి చేసేది. దాన్ని రెండుగా విడదీసినవారిలో బడ్డీ ఎమన్స్, పైన అన్నయ్య గారు చెప్పిన జిమ్మీ డే ఉన్నారు. ఒకరి వరసకు రెండవవారి వరస తిరగేసినట్టు ఉంటుంది. ఇప్పటికీ వాద్యం కొనేవారిని ఎమన్స్ వరసా, డే వరసా అని అడుగుతారట. వైష్ణవుల వడకలై, తెంగలై నామాలు గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు.

ఇంకా, తంబురా పెట్టగానే ఆయన గాంధారం తీగను రవ్వంత దించుకున్నారు. కీబోర్డు గాంధారం కంటే తంబురాలో తనంతట తాను పలికే గాంధారం కొంచెం కిందుగా ఉంటుందని, స్టీల్ వాద్యకారులు చాలామంది ఎప్పుడూ అలాగే మేళవించుకుంటారని ఆయన చెప్పారు. కనుక ఆ పది నిమిషాలు దయచేసి కీబోర్డు ఎవరూ కలపవద్దు. మోహనంలో ఒక చిన్న ఆలాపన, ఆ తరువాత ఇద్దరూ కలిసి వాయించే ఒక కంట్రీ బాణీ, అంతే. గిటార్‌ను కడ్డీతో వాయించే జైపూరు విద్వాంసుడు విశ్వమోహన్ భట్ ఈ ఊరి డోబ్రో (కడ్డీతోనే వాయించే మరో రకం గిటార్) విద్వాంసుడు జెర్రీ డగ్లస్‌తో కలిసి 1990లలో రికార్డు చేశారు కాబట్టి మనది కొత్త ప్రయోగమేమీ కాదు, ఆ మాట వ్యాఖ్యాత గారు చెబితే బాగుంటుంది.

పిల్లల విభాగం (గురువారం రాత్రి)

స్టూడియోలో వాడే అంకెల పత్రం పిల్లలకు చూపిద్దామనుకుంటున్నాము. గాయకుడి గొంతుకు తగ్గట్టు శ్రుతి చివరి నిమిషంలో మారినా మళ్లీ రాసుకోనవసరం లేకుండా, కలిపి మోగించే స్వర సముదాయాలను 1, 4, 5 అని అంకెలతో రాసుకునే పద్ధతి 1950ల చివర ఈ ఊళ్లోనే మొదలైంది. మూడు గంటల రికార్డింగులో మూడు నాలుగు పాటలు ముగించవలసిన మనుషులకు అది ప్రాణం. సరిగమలు నేర్చిన పిల్లలకు 1 అంటే స, 4 అంటే మ, 5 అంటే ప అని చెబితే అర నిమిషంలో అర్థమవుతుంది.

భోజనాల కమిటీ (శుక్రవారం ఉదయం)

పులిహోర, సమోసా, టీ. విరామంలోనే, కచేరీ మధ్యలో కాదు. వాద్యం దగ్గరకు చేతులు కడుక్కోకుండా ఎవరినీ పంపము.

సమన్వయకర్త (శుక్రవారం రాత్రి)

అన్నీ ఆమోదయోగ్యంగా ఉన్నాయి. వరస ఇది: హెల్మ్స్‌తో మొదలుపెట్టి, వెంటనే ఐజాక్స్, పెడల్ లేని ధ్వని విన్న చెవికే పెడల్ తెచ్చిన మార్పు తెలుస్తుంది కాబట్టి కరపత్రం బాధ్యుల సూచనను ఇంతవరకు సవరిస్తున్నాను. ఆ తరువాత డే, బ్రమ్లీ, మైరిక్, విరామం, గోటువాద్యం, చివర డ్రేక్, ఫ్రాంక్లిన్. పాడేవారు మన సభ్యులే, రిహార్సల్ వచ్చే ఆదివారం మూడు గంటలకు.

ఒక విషయం చెప్పక తప్పదు. పోస్టర్‌లో ‘పెడల్’ అన్న మాట తీయించడానికి ఫైలు తెరిచి చూస్తే, ముఖ్య అతిథి పేరు, కార్యవర్గ సభ్యుల పేర్లు, పులిహోర పంపుతున్న రెస్టారెంటు పేరు, పాడబోయే ఏడుగురి పేర్లు ఉన్నాయి. మనం ఎవరిని వినడానికి వస్తున్నామో ఆయన దగ్గర మాత్రం ‘స్థానిక కళాకారుడు’ అని ఉంది. ముసాయిదా రాసినది నేనే. ఆయన పేరు ఎలా పలకాలో ఇప్పుడే ఫోను చేసి ఆయననే అడిగి రాసుకున్నాను. సరిదిద్దిన ప్రతి రేపు ఉదయం పెడతాను, అప్పటిదాకా పాతదాన్ని ఎవరూ వాట్సాప్‌లో పంచవద్దు.