వీఎస్ కోడ్‌ను నెమ్మదింపజేస్తున్న ఎక్స్‌టెన్షన్‌ను ఎలా గుర్తించాలి?

ప్రశ్న:
నేను పైథాన్, జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల కోసం వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్ వాడుతున్నాను. అవసరం పడినప్పుడల్లా ఒకటి చేర్చుకుంటూ పోవడంతో ఎక్స్‌టెన్షన్లు (ఎడిటర్‌కు అదనపు సౌకర్యాలిచ్చే చేర్పులు) సుమారు 30 అయ్యాయి. ఇప్పుడు ఎడిటర్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది. అంతకన్నా ఇబ్బంది ఏమిటంటే, ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ కోడ్ సూచనలు కాసేపు ఆగిపోతున్నాయి. ఒక్కొక్కదాన్నీ తీసి చూడకుండా కారణాన్ని పట్టుకునే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు 1:
ముందుగా కమాండ్ ప్యాలెట్‌లో (ఎడిటర్ ఆదేశాలను పేరుతో వెతికి నడిపే పెట్టె) ‘రీలోడ్ విత్ ఎక్స్‌టెన్షన్స్ డిసేబుల్డ్’ ఎంచుకుని, అన్నీ ఆపిన స్థితిలో ఇబ్బంది పోతుందో లేదో చూడండి. పోతే ‘స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్’ నడపండి. అది సగం ఎక్స్‌టెన్షన్లను ఆపి, సమస్య ఇంకా ఉందా అని మిమ్మల్ని అడుగుతూ, మీ జవాబును బట్టి మిగిలినవాటిని మళ్ళీ సగం చేస్తుంది కనుక, 30 ఉన్నా దాదాపు 5 విడతల్లో ఒక్కటి మిగులుతుంది.

జవాబు 2:
తప్పు ఒకే ఎక్స్‌టెన్షన్‌ది అయినప్పుడు బైసెక్ట్‌కు మించినది లేదు. అయితే మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు కావచ్చు. తెరుచుకోవడంలో ఆలస్యానికి కమాండ్ ప్యాలెట్‌లోనే ‘షో రన్నింగ్ ఎక్స్‌టెన్షన్స్’ చూడండి. ఏది మొదలవడానికి ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుందో అక్కడ కనిపిస్తుంది. ఆ అంకె చిన్నదైనంత మాత్రాన ఆ ఎక్స్‌టెన్షన్ నిర్దోషి అనుకోవద్దు. ఎక్స్‌టెన్షన్లు సాధారణంగా ‘ఎక్స్‌టెన్షన్ హోస్ట్’ అనే ఒకే ప్రాసెస్‌లో (కంప్యూటర్‌లో నడుస్తున్న ప్రోగ్రాం) కలిసి నడుస్తాయి. అందులో ఒకటి దీర్ఘమైన లెక్కలో మునిగితే, దానితో సంబంధం లేని మిగిలినవి కూడా తమ వంతు కోసం ఆగవలసిందే. మీ సూచనలు ఆగిపోవడానికి ఇదే కారణం కావచ్చు. కాబట్టి అదే పేజీలోని రికార్డు గుండీ నొక్కి, రెండు మూడుసార్లు ఫైలు సేవ్ చేసి ఆపండి. ఎవరు ఎంత సమయం తిన్నారో తేలుతుంది. అలా రికార్డయిన వివరాలను, అంటే ఆ ప్రొఫైల్‌ను, భద్రపరచి, ఎక్స్‌టెన్షన్ రచయితకు పంపితే వారికి ఎంతో మేలు.

జవాబు 3:
పై జవాబుకు ఒక చేర్పు. లాంగ్వేజ్ సర్వర్లు (కోడ్ సూచనలు, తప్పుల పరిశీలన వంటివి అందించే ప్రోగ్రాములు) చాలావరకు విడి ప్రాసెస్‌లుగా నడుస్తాయి కనుక వాటి భారం ఆ ప్రొఫైల్‌లో కనిపించదు. అక్కడేమీ దొరకకపోతే ‘ఓపెన్ ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్’లో సీపీయూ వాడకం చూడాలి.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. రికార్డు చేసినప్పుడు హోస్ట్ ఖాళీగానే కనిపించింది. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రం, సేవ్ చేసిన ప్రతిసారీ ఒక లింటర్ సర్వర్ (కోడ్‌లో తప్పులు వెతికేది) వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డరును (ప్రాజెక్టు కోసం విడిగా పెట్టుకున్న పైథాన్ లైబ్రరీలు ఉండేది) కూడా చదువుతూ సీపీయూను ఆక్రమిస్తోందని తేలింది. దాని సెట్టింగుల్లో ఆ ఫోల్డరును మినహాయించాక సూచనలు ఆగడం లేదు. తెరుచుకోవడంలో ఆలస్యం ఇంకా ఉంది. దానికి పైథాన్‌కూ జావాస్క్రిప్ట్‌కూ వీఎస్ కోడ్‌లో వేర్వేరు ప్రొఫైళ్లు (పైన చెప్పిన రికార్డు కాదు, సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్ల విడి అమరికలు) పెట్టి, ఎక్స్‌టెన్షన్లను విడదీస్తున్నాను.