ఏఐఆర్ బైపాస్ రోడ్డులో రియల్ ఎస్టేట్ కార్యాలయానికి బాడుగ ఒప్పందం: పదకొండు నెలలా, మూడేళ్లా?

ప్రశ్న (తిరుపతి ఎం.ఆర్.పల్లి నుంచి ఒక భాగస్వామి)

అందరికీ నమస్కారం. నేనూ మా బావమరిదీ కలిసి నాలుగేళ్లుగా రేణిగుంట, ఏర్పేడు వైపు ఇళ్ల స్థలాల మధ్యవర్తిత్వం చేస్తున్నాము. ఇన్నాళ్లూ మా ఇంటి ముందు గదే ఆఫీసు. ఈమధ్య భాగస్వామ్య సంస్థగా ఏర్పడి జీఎస్టీ నమోదు చేసుకున్నాము. రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) ఏజెంటుగా నమోదుకు దరఖాస్తు పెట్టాలంటే వ్యాపార చిరునామాకు రుజువు కావాలి కనుక, ఏఐఆర్ బైపాస్ రోడ్డులో మొదటి అంతస్తులో ఒక భాగం చూశాము. యజమాని 25 అంకణాలని చెప్పి, నెలకు రూ.45,000 బాడుగ, పది నెలల అడ్వాన్సు, ఏటా 5 శాతం పెంపు అడుగుతున్నారు. అగ్రిమెంటు మాత్రం పదకొండు నెలలకే రాస్తారట. ‘ఎన్నేళ్లయినా ఉండండి, మిమ్మల్ని పొమ్మనేదెవరు?’ అంటున్నారు. మనిషి మర్యాదస్తుడే. కానీ గాజు గదులకు, ఏసీలకు, సీలింగుకు మేము ఆరు లక్షల దాకా ఖర్చు పెట్టాలి. పదకొండు నెలల కాగితం మాకు సరిపోతుందా, లేక మూడేళ్లకు పట్టుబట్టాలా? సంతకానికి ముందు ఏమేమి చూసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (దస్తావేజులు చూసే న్యాయవాది, తిరుపతి)

మీకు రెరా ఏజెంటు నమోదు వస్తే అది అయిదేళ్లు చెల్లుతుంది. ఆ పత్రం మీద ఉండే చిరునామాకేమో పదకొండు నెలల ఆయుష్షు. బట్టల దుకాణం పక్క వీధికి మారితే ఒక బోర్డుతో సరిపోతుంది. మీరు మారితే రెరాలోనూ, జీఎస్టీలోనూ, మీ సంతకాలున్న ప్రతి అగ్రిమెంటులోనూ చిరునామా మారాలి. జీఎస్టీలో ఈ మార్పును పదిహేను రోజుల లోపల తెలియజేయాలి. అడ్వాన్సు కట్టిన కొనుగోలుదారుడు ఒక ఆదివారం వచ్చి, మూసిన షట్టరు చూస్తే ఏమనుకుంటాడో నేను చెప్పనక్కరలేదు.

ఇక చట్టం సంగతి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను కేంద్ర పాఠం ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయాలి, ఆంధ్రప్రదేశ్‌లోనైతే 1999 సవరణ తరువాత ఏ గడువు లీజునైనా రిజిస్టరు చేయాల్సిందే. ఆ ఖర్చు తప్పించుకోవడానికే మన ఊళ్లో పదకొండు నెలల కాగితం వాడుకలోకి వచ్చింది. రిజిస్టరు కాని ఆ కాగితానికి బలం అంతంతే, గడువు తీరిన మరునాటి నుంచైతే మీ చేతిలో ఉండేది ఆయన నోటిమాట మాత్రమే. ఆ తరువాత ఆయన బాడుగ తీసుకుంటూ మిమ్మల్ని కొనసాగనిచ్చినా, వేరే ఒప్పందం లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను కింద అది నెలనెలా సాగే కౌలుగానే ఉండి, పదిహేను రోజుల నోటీసుతో ముగిసిపోతుంది. కొందరు తెలివిగా మూడేళ్లకు రాసుకుని, రిజిస్టరు చేయకుండా నోటరీతో సరిపెడతారు. ఇది అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే మూడేళ్ల గడువును నిరూపించడానికి ఆ పత్రాన్ని కోర్టు సాక్ష్యంగా స్వీకరించదు.

కనుక మూడేళ్లకు రిజిస్టరు చేయించుకోండి. యజమాని మూడేళ్లూ ఖాళీ చేయించకూడదు, మీరు మాత్రం మూడు నెలల నోటీసుతో వెళ్లవచ్చు అన్న షరతు రాయించండి. దీనికి ఆయన సులభంగా ఒప్పుకోరు. మొదటి ఏడాది మీరూ కదలకూడదని అడుగుతారు, ఆ మేరకు తగ్గవచ్చు. మీరు బిగించిన ఏసీలు, గాజు గదులు స్వాధీనంలో ఉండగా ఊడదీసి తీసుకుపోయే హక్కు అదే చట్టం 108వ సెక్షను మీకిస్తుంది, అయితే భాగాన్ని తీసుకున్నప్పటి స్థితిలో అప్పగించాలి. ఒప్పందంలో ‘అమర్చినవన్నీ యజమానికే చెందును’ అన్న వాక్యం ఉంటే ఆ హక్కు పోతుంది. టైపు చేసేవారు పాత నమూనా నుంచి ఈ వాక్యాన్ని ఎవరూ అడగకుండానే ఎక్కించేస్తుంటారు, కాబట్టి చివరి పేజీ దాకా చదవండి.

మన ఊరికి ప్రత్యేకమైన జాగ్రత్త ఇంకొకటి ఉంది. తిరుపతి చుట్టుపక్కల దేవాదాయ, మఠం భూములు విస్తారంగా ఉన్నాయి. భవనం సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్లు చేయకూడని భూముల జాబితాలో) ఉందేమో చూడండి. కొనుగోలుదారు కోసం లింకు డాక్యుమెంట్లన్నీ (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులన్నీ) తిరగేసే మనవాళ్లు, సొంత ఆఫీసు విషయానికి వచ్చేసరికి మొదటి పేజీ కూడా తిప్పరు.

జవాబు 2 (కరకంబాడి రోడ్డు ఏజెంటు)

పై న్యాయవాది గారి చివరి మాట నాకే తగిలింది. ఇంతకుముందు నేను తీసుకున్న ఆఫీసులో చేరిన ఏడో నెలలో ఒక సోమవారం ఉదయం షట్టరు తీయబోతే, బ్యాంకు వారి స్వాధీన నోటీసు అంటించి ఉంది. మైదాపిండి జిగురు ఇంకా తడిగానే ఉంది. యజమాని ఆ భవనం మీద అప్పు తీసుకుని కట్టలేదు. దారిన పోయేవారు ఫోటోలు తీసుకున్నారు, మధ్యాహ్నానికల్లా ‘ఆ రియల్ ఎస్టేట్ ఆఫీసు వేలానికి వచ్చిందట’ అని ఊరంతా పాకింది. అప్పు నాది కాదని ఎంతమందికి చెప్పుకోగలను? అడ్వాన్సులో సగమే తిరిగి వచ్చింది.

అప్పుడు నేను ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించలేదు. తీయించినా అదొక్కటే చాలదు, దస్తావేజులు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు ఈసీలో కనిపించకపోవచ్చు. అందుకే అసలు దస్తావేజులు చూపించమని అడగండి. జిరాక్సులే చూపిస్తే అసలువి ఎక్కడున్నాయని మొహమాటం లేకుండా అడగండి.

కొలత విషయంలోనూ తొందరపడకండి. మన వైపు అంకణమంటే 36 చదరపు అడుగులు, కనుక 25 అంకణాలంటే 900 అడుగులు. (నెల్లూరు వైపు అంకణం 72 అడుగులు, అక్కడి కొనుగోలుదారులతో నేను రోజూ పడే పాట్లు వేరు.) అయితే ఆ 900లో మెట్లు, లిఫ్టు, వసారా ఎంత కలిశాయో టేపు పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది. ఫ్లాట్లు కార్పెట్ ఏరియా (లోపల వాడుకునే స్థలం) ప్రకారం అమ్మాలని రెరా మనకు నేర్పింది, బాడుగలకు ఆ నియమం లేదు కనుక మన లెక్క మనమే వేసుకోవాలి.

మీటరు ఏ కేటగిరీలో ఉందో కూడా చూడండి. గృహ మీటరుతో ఆఫీసు నడిపితే విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద రెట్టింపు ధరతో లెక్కగడతారు, ఆ బిల్లు వచ్చేది మీ తలకే. బోర్డు ఎక్కడ, ఎంత సైజులో పెట్టుకోవచ్చో, శని, ఆదివారాల్లో కార్లు ఎన్ని నిలుపుకోవచ్చో రాయించండి. సైటు చూడటానికి కుటుంబమంతా కారులో వస్తారు. బ్రహ్మోత్సవాల రోజుల్లో ట్రాఫిక్ మళ్లిస్తే ఆ రోడ్డు మీద ఆపడానికి చోటుండదు.

జవాబు 3 (పన్ను సలహాదారు, చిత్తూరు)

బాడుగ రూ.45,000 అనుకుని ఆగకండి. యజమానికి జీఎస్టీ నమోదు లేకపోయినా మీకు ఉంది కనుక, 2024 అక్టోబరు 10 నుంచి అమలైన రివర్స్ ఛార్జ్ నిబంధన ప్రకారం 18 శాతం, అంటే నెలకు రూ.8,100, మీరే నగదుగా కట్టాలి. కమీషను మీద మీరు వసూలు చేసే పన్నులో దీన్ని సర్దుకోవచ్చు. అయితే సొంతంగా స్థలాలు కొని అమ్మడం మొదలుపెడితే, భూమి అమ్మకం మీద జీఎస్టీ లేదు కనుక ఆ మేరకు ఈ క్రెడిటు దక్కదు, అది నికరమైన ఖర్చుగా మిగులుతుంది.

2025 ఏప్రిల్ నుంచి నెల బాడుగ రూ.50,000 దాటితేనే టీడీఎస్ (బాడుగ ఇచ్చేటప్పుడే మినహాయించి కట్టే ఆదాయపు పన్ను) కోయాలి. మీ 5 శాతం పెంపుతో మూడో ఏట రూ.49,612 దగ్గర ఆగుతుంది, నాలుగో ఏట రూ.52,093 అవుతుంది. లీజు పొడిగించుకునే రోజున 10 శాతం కోత సంగతి యజమానికి ముందే చెప్పండి, లేకపోతే బాడుగ తగ్గించి ఇచ్చారని గొడవపడతారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం టేపుతో కొలిచాము. లోపల వచ్చింది 672 అడుగులే. అంటే అడుగుకు రూ.50 అనుకున్నది దాదాపు రూ.67 పడుతోంది. ఆ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే యజమాని బాడుగ రూ.42,000కు దిగారు. స్టాంపు ఖర్చులో సగం మేము భరిస్తే మూడేళ్లకు రిజిస్టరు చేస్తామన్నారు. అసలు దస్తావేజులు అడిగితే కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, అవి బ్యాంకులో ఉన్నాయనీ, అప్పు సక్రమంగానే కడుతున్నాననీ చెప్పారు. ఇప్పుడు వెనక్కి తగ్గాలా?

న్యాయవాది

తగ్గనక్కరలేదు. నిజం చెప్పారు, అది మంచిదే. తనఖా పత్రంలో వేరే నిబంధన లేకపోతే, తనఖాలో ఉన్న భవనాన్ని యజమాని మూడేళ్ల వరకు లీజుకు ఇవ్వవచ్చని ఆస్తి బదిలీ చట్టం 65ఏ సెక్షను చెబుతోంది. కానీ తమ అనుమతి లేకుండా లీజుకు ఇవ్వరాదని బ్యాంకులు సాధారణంగా రాయించుకుంటాయి. ఆయనతో కలిసి బ్యాంకుకు వెళ్లి, మీ సంస్థ పేరు, లీజు గడువు పేర్కొంటూ లిఖితపూర్వకమైన సమ్మతి తీసుకోండి. అది చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వవద్దు. వడ్రంగిని కూడా పిలవవద్దు.