‘షో ఆఫ్’ అంటే తిట్టేనా?

గుంటూరు నుంచి కొత్తగా వచ్చినమ్మాయి: అక్కా, అన్నయ్యా, ఒక చిన్న టెన్షన్. శుక్రవారం డెమో ఉంది. మా మేనేజరు అందరి ముందూ "కమ్ షో ఆఫ్ యువర్ వర్క్" అన్నాడు. మొహం మాడిపోయింది నాకు. మా బ్రాడీపేటలో షో చేస్తున్నావంటే తిట్టినట్టే కదా?

బెజవాడ అక్క, డల్లాస్: మెచ్చుకున్నాడమ్మా! ‘షో ఆఫ్’ తర్వాత పనో, కారో, కొత్త ఇల్లో వస్తే మురిపెంగా నలుగురికీ చూపించమని. "హీ ఈజ్ షోయింగ్ ఆఫ్" అని అక్కడే ఆపేస్తే మాత్రం పోజు కొడుతున్నాడనే.

‘ఫ్లాంట్’ దగ్గర జాగ్రత్త. పెళ్లికి వడ్డాణం పెట్టుకెళ్లావనుకో. ‘వేరింగ్’ అంటే పెట్టుకున్నావు, అంతే. ‘స్పోర్టింగ్’ అంటే ముచ్చటగా, కాస్త సరదాగా. ‘ఫ్లాంటింగ్’ అన్నారా, అందరికీ కనబడేలా కొంగు పక్కకి సర్దుకుని మరీ తిరుగుతున్నావని. వడ్డాణం అదే, చూసేవాళ్ల కడుపుమంటే వేరు. రూల్స్ లెక్కచేయకపోవడం ‘ఫ్లౌట్’. ఇక్కడ పుట్టినవాళ్లు కూడా ఈ రెండూ కలిపేస్తుంటారు.

‘బోస్ట్’ ఇంకో తిరకాసు. మనిషి చేస్తే బడాయి, ఊరు చేస్తే గొప్ప. 1957 నాటి ప్రకాశం బ్యారేజీని విజయవాడ ‘బోస్ట్స్’ అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు. ‘బ్రాగ్’కి ఆ వెసులుబాటు తక్కువ, దాదాపు ఎప్పుడూ కోతలే.

గుంటూరు అన్నయ్య, లండన్: ఎగ్జిబిషన్ అంటే మనకి జెయింట్ వీలు, ఢిల్లీ అప్పడం. ఇక్కడ "మేకింగ్ ఎన్ ఎగ్జిబిషన్ ఆఫ్ హిమ్‌సెల్ఫ్" అంటే నలుగురిలో నవ్వులపాలవుతున్నాడని. ఇంకోటి చెల్లీ, ‘ఎక్స్‌పోజింగ్’ మన సినిమా కబుర్లకే ఉంచు. ఆఫీసులో ఆ మాట వింటే ఎవరి బండారమో బయటపడిందనుకుంటారు.

కొత్తగా వచ్చినమ్మాయి: మరి ఆఫీసులో మన పని గురించి మనమే రాసిచ్చే సెల్ఫ్ రివ్యూలో ఏం రాయాలక్కా?

బెజవాడ అక్క: ‘షోకేస్డ్’ అంటే ఇంట్లో షోకేసులో కొండపల్లి బొమ్మలు పేర్చినట్టు అందంగా చూపించడం. ‘డెమాన్‌స్ట్రేటెడ్’ అంటే చేసి నిరూపించడం. రివ్యూకి రెండోదే గట్టిది, పక్కనే ఒక అంకె పడేయ్. ‘ప్రౌడ్ ఆఫ్’ రాయడానికీ మొహమాటపడకు, దాన్ని ఇక్కడ పొగరు కింద లెక్కేయరు. ముందు ఆ డెమో సంగతి చూడు, ఆయనే పిలిచాడుగా!