చికెన్ ఉడికిస్తే బ్యాక్టీరియా చస్తుంది కదా, మరి ఈ జీన్ గోలేంటి?

ఆదివారం_కోడికూర:
ఒక డౌట్ ఫ్రెండ్స్. మా తమ్ముడు ఫార్మసీ చదువుతున్నాడు, నిన్న చికెన్ తెస్తే కోళ్ళకి యాంటీబయాటిక్స్ వాడతారు, మందుకి లొంగని బ్యాక్టీరియా ఉంటది అని క్లాసు పీకాడు. కుక్కర్‌లో మూడు విజిల్స్ వచ్చాక ఏం బతుకుద్దిరా అంటే "బ్యాక్టీరియా చచ్చినా, మందుని తట్టుకునే గుణమిచ్చే జీన్ ఆల్రెడీ పక్క బ్యాక్టీరియాకి పోయుంటది" అంటాడు. ఎలా పోతది, కాళ్ళున్నాయా దానికి?

ల్యాబ్_అక్క:
ఉడికాక ఏం మిగలదు, అది కరెక్టే. గొడవంతా ఉడక్కముందే. పచ్చి చికెన్ కోసిన కత్తితోనే కీరా కోస్తాం, కుళాయి కింద కడుగుతుంటే నీళ్ళు చింది పక్కనున్న కొత్తిమీర మీద పడతాయి, అలా ఆ బ్యాక్టీరియా మన కడుపులోకి పోతాయి. అవి మనకి జబ్బు చెయ్యక్కర్లేదు, మన పేగుల్లో ఆల్రెడీ ఉన్న ఈ-కోలై (E. coli) అనే బ్యాక్టీరియా పక్కన కాసేపు ఉంటే చాలు. ఈ జీన్‌లు చాలావరకు ప్లాస్మిడ్ అనే చిన్న గుండ్రటి డీఎన్‌ఏ మీద ఉంటాయి, ఒక బ్యాక్టీరియా సన్నటి పోగులాంటిది చాచి పక్కదాన్ని దగ్గరికి లాక్కుని దాని కాపీ ఇచ్చేస్తది. పక్కింటావిడకి పెరుగు తోడు ఇస్తే మన గిన్నెలో పెరుగు పోదుగా, అచ్చం అంతే. పుచ్చుకునేది వేరే రకం బ్యాక్టీరియా అయినా, అంటే సాల్మొనెల్లా అయినా ఓకే, క్లెబ్సియెల్లా అయినా ఓకే.

ఎమ్మెస్సీ ప్రాక్టికల్‌లో ఒక్కో మందుని తట్టుకునే రెండు రకాల బ్యాక్టీరియాని కలిపి, రెండు మందులూ ఉన్న ప్లేట్ మీద పూశాం. పొద్దున్నకి తెల్లటి చుక్కలు, అంటే బతికి పెరిగిన బ్యాక్టీరియా! విడివిడిగా పూసిన ప్లేట్లు మాత్రం ఖాళీ. అంటే కలిపినప్పుడు జీన్ ఒకదాన్నుంచి ఇంకోదానికి పోయిందన్నమాట. ఆ తర్వాత చాన్నాళ్ళు మెస్‌లో సలాడ్ ముట్టలే 😀

షెడ్డు_మామ:
మాకు కోళ్ళ షెడ్డుండె. దాణా బస్తాల ఏం కలుస్తదో మాకే తెల్వకపోయేది, పంపింది ఏసుడే మా పని. 2019ల కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ బంద్ జేసిన్రు అని అప్పుడే తెలిసింది. జర రైతుని ఒక్కన్నే తిట్టకుర్రి.

ల్యాబ్_అక్క:
నిజమే మామా. ఆ కొలిస్టినే అసలు కథ. ఏ మందూ పనిచెయ్యనప్పుడు ఐసీయూలో ఆఖరికి ఎక్కించే మందు అది, అదేమో దాణాలో కలిసి కోళ్ళకీ పందులకీ పోయేది, తొందరగా బరువు పెరుగుతాయని. 2015లో చైనా వాళ్ళు పందుల్లోని ఈ-కోలైలో, కొలిస్టిన్‌ని తట్టుకునే ఎంసీఆర్-1 అనే జీన్ ప్లాస్మిడ్ మీద ఉందని బయటపెట్టారు. వాళ్ళు చూసిన 523 పచ్చిమాంసం శాంపిల్స్‌లో 78 వాటిలో దొరికింది. అంతకుముందు కొలిస్టిన్ రెసిస్టెన్స్ (మందుకి లొంగకపోవడం) అంటే క్రోమోజోమ్‌లో, అంటే బ్యాక్టీరియా అసలు డీఎన్‌ఏలో మార్పు అనుకునేవాళ్ళు, అది పిల్లలకే పోతది గానీ పక్కవాళ్ళకి పోదు. ఇది అలా కాదు.

ఆదివారం_కోడికూర:
బ్యాన్ చేశారుగా అక్కా, ఇక పోయినట్టేగా?

ల్యాబ్_అక్క:
చైనాలో 2017లో దాణాలో కొలిస్టిన్ ఆపాక ఆ జీన్ బాగా తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు. ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందుల జీన్‌లు కలిసి ఉంటాయి కొన్నిసార్లు, అప్పుడు వేరే ఏ మందు వాడినా అన్నీ కలిసే నిలబడతాయి. ముందు నువ్వు కుళాయి కింద కడగడం ఆపు.

ఆదివారం_కోడికూర:
చికెన్ కడక్కుండా వండానంటే మా అమ్మ నన్ను గిన్నెతో సహా బయట పెడతది అక్కా