అప్‌డేట్: వర్డ్‌లో పాత కమాండ్లు దొరికాయి

మైక్రోసాఫ్ట్ వర్డ్ 2003 నుంచి కొత్త వర్షన్‌కి మారాక, ప్రింట్ ప్రివ్యూలోనే అక్షరాలు దిద్దుకోవడం ఎలా, రెండో పేజీలోకి జారిన ఒకటి రెండు లైన్లను పైకి లాగే ‘ష్రింక్ వన్ పేజ్’ ఎక్కడుంది అని అడిగాను కదా. రెండూ దొరికాయి. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పనిచేసింది క్విక్ యాక్సెస్ టూల్‌బార్ (మనకు కావాల్సిన బటన్లు పెట్టుకునే చిన్న వరస) సలహా. ఫైల్, ఆప్షన్స్, క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లోకి వెళ్లి, పైన డ్రాప్‌డౌన్‌లో ‘కమాండ్స్ నాట్ ఇన్ ద రిబ్బన్’ ఎంచుకోండి (రిబ్బన్ అంటే పైన ట్యాబుల్లో బటన్లుండే వెడల్పాటి పట్టీ). అందులో ‘ప్రింట్ ప్రివ్యూ ఎడిట్ మోడ్’ని యాడ్ చేస్తే చాలు. ఆ బటన్ నొక్కగానే పాత ప్రివ్యూ తెరుచుకుంటుంది. ‘మాగ్నిఫయర్’ టిక్కు తీసేస్తే కర్సర్ వస్తుంది, హాయిగా దిద్దుకోవచ్చు. ష్రింక్ వన్ పేజ్ కూడా ఆ పక్కనే ఉంది.

ఇంకొకటి నాకు బాగా నచ్చింది. ఆల్ట్, ఐ, బి వరసగా నొక్కితే పేజీ బ్రేక్‌లు పెట్టుకునే పాత బ్రేక్ డైలాగే వస్తోంది! వర్డ్ 2007లో మెనూలు పోయి రిబ్బన్ వచ్చినా, ఆ పాత కీల వరసలు చాలావరకు అలాగే ఉంచారు. వేళ్లకు అలవాటు పడిన వాళ్లకి ఎంత ఊరటో.

కొందరు అన్నట్టు వర్డ్‌ని రీఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, పాత మెనూలు తెచ్చిపెట్టే క్లాసిక్ మెనూ యాడ్-ఇన్ కొననక్కర్లేదు. ఫైలు పాత డాక్ (.doc) ఫార్మాట్‌లో ఉండటానికీ ఈ కమాండ్లు కనబడకపోవడానికీ సంబంధం లేదు. ఇంకో కంప్యూటర్‌కి ఇవే బటన్లు కావాలంటే అదే పేజీలో కింద ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్ ఉంది.