క్లబ్‌లో డీజే: పెన్‌డ్రైవా, నల్ల రికార్డా?

హన్మకొండ డెక్స్
అందరికీ నమస్తే. ఆరేళ్లుగా ఫంక్షన్ హాళ్లలో, బరాత్‌లలో డీజే చేస్తున్నాను. ఒక కంట్రోలర్ (పాటలు కలిపే మీటల పెట్టె), ఒక ల్యాప్‌టాప్, రెండు పెన్‌డ్రైవ్‌లు, అంతే నా సామాను. ఊరేగింపుల పని ఈ మధ్య బాగా తగ్గింది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దని ఉత్తర్వు ఇచ్చినప్పటి నుంచి, మన దగ్గర కూడా కమిటీల వాళ్లు ముందే భయపడి బ్యాండ్ మాట్లాడుకుంటున్నారు. అందుకే క్లబ్బుల వైపు చూస్తున్నాను.

హైదరాబాద్‌లో ఒక క్లబ్ నుంచి పిలుపు వచ్చింది. నెలకో రాత్రి అక్కడ రికార్డులు మాత్రమే వేస్తారట. గంటసేపు నాకిస్తామన్నారు. పెన్‌డ్రైవ్ మాత్రం తేవద్దన్నారు. నేను ఇంతవరకు రికార్డు ముట్టుకోలేదు. రెండు నెలల టైముంది. బైక్ కోసం దాచుకున్న డబ్బుతో టర్న్‌టేబుళ్లు, అంటే రికార్డు తిప్పే మెషిన్లు కొనాలా? లేక ఇదంతా ఉన్నవాళ్ల షోకా? తిట్టినా పర్లేదు, నిజం చెప్పండి.

కాజీపేట జంక్షన్
షోకే తమ్మీ. బైక్ కొనుక్కో.

పన్నెండు అంగుళాల రికార్డు ఒక్కోటి 120 నుంచి 180 గ్రాములు. అట్టలతో కలిపి ఎనభై రికార్డుల పెట్టె పదిహేను కిలోల పైమాటే. ఎనభై రికార్డులంటే పాటలెన్ని? నీ పెన్‌డ్రైవ్‌లో ఒక్క బతుకమ్మ ఫోల్డర్‌లోనే అంతకంటే ఎక్కువుంటాయి. బయటి దేశం నుంచి వచ్చే కొత్త రికార్డు ఒక్కటి రెండు మూడు వేలకు తక్కువ దొరకదు. మే నెలలో పెట్టె కారులో వదిలి టీ తాగి వచ్చేసరికి రికార్డులు అప్పడాల్లా వంగి ఉంటాయి. మన ఎండ సంగతి నీకు చెప్పాలా?

నల్లరికార్డు
నాది కరీంనగర్. పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటూ రికార్డులు పోగేస్తున్నాను. జంక్షన్ అన్న లెక్కంతా బరువు మీద, డబ్బు మీదే నడిచింది. ఆ లెక్కన పెళ్లి భోజనం కన్నా బిస్కెట్ ప్యాకెట్ మేలు.

డీజే అనే పనే రికార్డు మీద పుట్టింది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే చేసిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. పాటలో డ్రమ్ము ఒంటరిగా మోగే కొద్ది సెకన్లకే జనం ఊగిపోవడం చూసి, ఒకే రికార్డు రెండు కాపీలు పక్కపక్కన పెట్టి ఆ ముక్కనే మళ్లీ మళ్లీ వేసి సాగదీశాడాయన. మన తీన్మార్ మిక్సుల్లో చేసేది కూడా అదే కదా? డప్పు ముక్క పట్టుకుని తిప్పడమే. ఆయన చేత్తో చేసినదానికి నువ్వు లూప్ బటన్ నొక్కుతున్నావు. ఆ చెయ్యి ఎలా కదిలిందో ఒకసారి తెలుసుకుంటే నష్టమేంటి?

ఇక సౌండ్ అంటావా, రికార్డులో ఉన్న వెచ్చదనం ఎంపీత్రీకి ఏడేడు జన్మలెత్తినా రాదు.

ఫ్యూజు వైరు
వెచ్చదనం అనే మాట వచ్చింది కాబట్టి దిగక తప్పదు. ఎలక్ట్రానిక్స్ చెప్పుకుని బతికేవాణ్ని.

రికార్డు మీద గాడి కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. బేస్ ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ విపరీతంగా ఊగి పక్క గాడిలోకి పోతుంది, ముల్లు ఎగిరిపోతుంది. వాయించేటప్పుడు ఫోనో ప్రీయాంప్ అనే సర్క్యూట్ దాన్ని తిరగేసి బేస్ పెంచుతుంది. ఈ లెక్కను 1954లో ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) ప్రమాణంగా ఖాయం చేశారు. అంటే రికార్డు నుంచి మనకు వినబడేది ఒకసారి వంచి, మళ్లీ సరిచేసిన శబ్దం. దాని మీద ముల్లు గీతలు, దుమ్ము చిటపటలు అదనం. బాగుండొచ్చు, కాదనను. ‘అసలు శబ్దం’ అనొద్దు, అంతే.

ఇంకోటి. ఎల్పీ రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు అర మీటరు పరిగెడితే, మధ్య లేబుల్ దగ్గరికి వచ్చేసరికి ఇరవై సెంటీమీటర్ల చిల్లరే. అదే పాట సమాచారం సగం కన్నా తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది. అందుకే ఎల్పీలో చివరి పాట మొదటి పాటంత తేటగా ఉండదు. డీజేల కోసం పన్నెండు అంగుళాల రికార్డుకు పక్కకొక పాట చొప్పున వెడల్పు గాడులతో కోస్తే ఈ ఇరుకు తగ్గుతుంది.

సీడీ 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. నిశ్శబ్దానికీ గరిష్ఠ శబ్దానికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ తేడా పట్టుకుంటుంది. రికార్డు 70 పట్టుకుంటే గొప్ప. కాగితం మీద పోటీయే లేదు.

కానీ పెన్‌డ్రైవ్ వాళ్లు మరీ ఛాతీ విరుచుకోకండి. మీలో ఎందరి ఫోల్డర్లలో యూట్యూబ్ నుంచి పీకిన పాటలు లేవు? దాన్ని 320 కేబీపీఎస్ (ఫైల్ నాణ్యత చెప్పే అంకె) అని పేరు మార్చి సేవ్ చేసినంత మాత్రాన పోయిన ట్రెబుల్ తిరిగి రాదు. 128 ఎంపీత్రీలో చాలావరకు 16 కిలోహెర్ట్జ్ దగ్గరే గోడ కట్టినట్టు ఆగిపోతుంది. ఫంక్షన్ హాల్ స్పీకర్లలో తెలియదు. మంచి క్లబ్ సిస్టమ్‌లో తాళాలు మోగిన చోట ఇసుక రాలినట్టు వినబడుతుంది.

కాజీపేట జంక్షన్
ఫ్యూజు సార్ రెండు చెంపలూ వాయించారు. నా ఫోల్డర్ గురించి ఎవరు చెప్పారో కనుక్కుంటాను.

చాటల్ బ్యాండ్
గోదావరిఖని నుంచి. నేను డీజే కాదు, మిక్సులు తయారుచేస్తాను. ఇంట్లో అమ్మ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.

మీరంతా సౌండ్ గురించి కొట్టుకుంటున్నారు కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. అన్న ఆ గంటలో ఏ పాటలు వేస్తాడు? తీన్మార్ మిక్సులు, చాటల్ బ్యాండ్ మిక్సులు, ఊళ్ల పేర్లతో వచ్చే జానపద రీమిక్సులు, వీటిలో ఒక్కటైనా రికార్డు మీద అచ్చయిందా? నా ఎరుకలో లేదు. ఇవి పుట్టిందే కంప్యూటర్‌లో, ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పోతూ పెరిగాయి. ‘రికార్డులు మాత్రమే’ అనగానే మా పాటలు గుమ్మం బయటే ఆగిపోతాయి. లోపల మిగిలేది అమెరికా హౌస్ (క్లబ్ డ్యాన్స్ సంగీతం), డిస్కో, పాత హిందీ, అదృష్టముంటే నాలుగు పాత తెలుగు సినిమా పాటలు. నియమం పెట్టినవాళ్లకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు. జరిగేది మాత్రం అదే.

నా మిక్సు రికార్డుగా తీయిద్దామని నేనూ కలగన్నాను. వందలు వందలుగా ఆర్డరిస్తే గానీ ఎవరూ మొహం చూడరు. దానికి తోడు మొదటి డిస్కు కోయడానికి వాడే లాకర్ పళ్లేలు చేసే పెద్ద ఫ్యాక్టరీ కాలిఫోర్నియాలో 2020 ఫిబ్రవరిలో కాలిపోయింది, ఇక జపాన్‌లో ఉన్నదే దిక్కయింది అని చదివాక ఆ ఫోల్డర్ మూసేశాను.

నల్లరికార్డు
చెల్లె, నువ్వన్నది నిజం. ఈ కోణం నాకెప్పుడూ తట్టలేదు. నా దగ్గరున్న పెట్టెలన్నీ మనసులో తిరగేసి చూశాను. తెలంగాణ డప్పు ఒక్క దాంట్లోనూ లేదు. సినిమా పాటలో డప్పు వేరు, అది లెక్కలోకి రాదు.

అయినా ఒక మాట. దీనికి మధ్యే మార్గం ఉంది. టైమ్‌కోడ్ రికార్డు. దాని మీద పాట ఉండదు, ఒక రకం కూత మాత్రం ఉంటుంది. ముల్లు ఎక్కడుందో, ఎటు తిరుగుతోందో ఆ కూత విని సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైలును అలాగే తిప్పుతుంది. అలాంటి సాఫ్ట్‌వేర్ సెరాటో స్క్రాచ్ లైవ్ 2004లో వచ్చింది. నీ మిక్సు కూడా రికార్డు తిప్పినట్టే చేత్తో తిప్పొచ్చు.

కాజీపేట జంక్షన్
అంటే దొంగ రికార్డు. వచ్చేది ఫైలే, తిప్పేది ప్లాస్టిక్కు. పెన్‌డ్రైవ్‌కు కోటు తొడిగినట్టు. అది క్లబ్ వాళ్లు ఒప్పుకుంటే నేను గుండు కొట్టించుకుంటా.

హన్మకొండ డెక్స్
అడిగాను. ఒప్పుకోరట. జంక్షన్ అన్న జుట్టు సేఫ్.

కాజీపేట జంక్షన్
అయితే సీరియస్‌గా ఒకటి చెప్తాను విను. కాసేపు రికార్డుల వైపు మాట్లాడతా, ఎవరూ స్క్రీన్‌షాట్ తీయొద్దు.

నా పెన్‌డ్రైవ్ కథ. రెండేళ్ల కింద ఒక హోటల్లో కొత్త సంవత్సరం పార్టీ. వాళ్ల దగ్గర పాత మోడల్ సీడీజేలు (సీడీ, పెన్‌డ్రైవ్ వాయించే డీజే ప్లేయర్లు) ఉన్నాయి. మావాడు ల్యాప్‌టాప్‌లో కొత్త పెన్‌డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసి ఇచ్చాడు. ఆ మెషిన్లు ఫ్యాట్32 చదువుతాయి, దీన్ని చదవవు. పదకొండు నలభైకి పెడితే స్క్రీన్ మీద ఏమీ లేదు. నాలుగు వేల పాటలు జేబులో పెట్టుకుని ఒక్కటి వేయలేక నిలబడ్డాను. చివరికి ఫోన్‌కు వైరు తగిలించి నడిపించాను. ఆ ఇరవై నిమిషాల టెన్షన్ పగవాడికి కూడా వద్దు. రికార్డుకైతే ఈ ఫార్మాట్ గోల లేదు, కళ్ల ముందు కనబడుతుంది.

రెండోది చెవి. పాత పాటల్లో డ్రమ్ము కొట్టింది మనిషి. పల్లవిలో ఒక స్పీడు, చరణం దాటేసరికి ఉత్సాహమొచ్చి ఇంకో స్పీడు. సాఫ్ట్‌వేర్ మామూలుగా పాటంతటికీ ఒకే స్పీడు గ్రిడ్ గీస్తుంది కాబట్టి, సింక్ (రెండు పాటల స్పీడు తనే కలిపే బటన్) నొక్కి వదిలేస్తే రెండో నిమిషానికి రెండు పాటలూ గుర్రాలు పరిగెత్తినట్టు దడదడలాడతాయి. అలాంటి చోట వేలు పిచ్ ఫేడర్ (స్పీడు మార్చే మీట) మీద పెట్టి నెట్టుకుంటూ పోవాల్సిందే. అది రికార్డుల మీద నేర్చినవాడికి ఊపిరి లాంటిది. కాకపోతే దానికి టర్న్‌టేబుల్ కొననక్కర్లేదు. కంట్రోలర్‌లో సింక్ ఆపెయ్, స్క్రీన్ మీద బీపీఎం (నిమిషానికి దెబ్బలు) అంకెకు టేపు అతికించు. రెండు నెలలు అలా ప్రాక్టీస్ చెయ్. ఉచితం.

ఫ్యూజు వైరు
దానికో లెక్క జోడిస్తాను. మామూలు డీజే టర్న్‌టేబుల్‌లో స్పీడు ఎనిమిది శాతం పెరుగుతుంది, ఎనిమిది శాతం తగ్గుతుంది. వంద బీపీఎం పాట 108 వరకే పోతుంది, 124 హౌస్ పాటతో ఈ జన్మలో కలవదు. పైగా ఆరు శాతం పెంచితే శ్రుతి దాదాపు అర స్వరం లేస్తుంది, గాయని గొంతు చిన్నపిల్ల గొంతవుతుంది. డిజిటల్‌లో శ్రుతి కదలకుండా స్పీడు మార్చే బటన్ ఉంది. కాబట్టి తమ్ముడూ, రికార్డులు ఎంచుకునేటప్పుడే స్పీడు దగ్గరగా ఉన్నవి ఎంచుకో. అక్కడికెళ్లాక చూసుకుందాం అంటే కుదరదు.

మైక్‌సెట్ కాకా
పరకాల దగ్గర మాది. మనవరాలు చదివి వినిపిస్తుంటే నేను చెప్తున్నాను, టైపు ఆమెది.

నలభై ఏళ్ల కింద నాకు మైక్‌సెట్ ఉండేది. ఒక ప్లేయరు, ఒక యాంప్లిఫయరు, రెండు హారన్లు, ఒక బ్యాటరీ, రేకు పెట్టెలో రికార్డులు. పెళ్లైనా, పోచమ్మ పండుగైనా సైకిల్ మీద కట్టుకుని పోయేది. చెట్టుకు హారన్ కట్టి రికార్డు వేస్తే మూడు ఊళ్లకు వినబడేది. మీరిప్పుడు దేవుడిలా చూస్తున్న ఆ రికార్డుతో మేం పడ్డ బాధ అంతా ఇంతా కాదు. పక్కన పిల్లలు గెంతితే ముల్లు ఎగిరేది. దుమ్ము పడితే ఒకే ముక్క పదిసార్లు పాడేది, పెళ్లికొడుకు తండ్రి వచ్చి తిట్టేది. అరిగిన రికార్డు అనే మాట మీకు సామెత, మాకు రోజూ ఉన్న కష్టం. క్యాసెట్ వచ్చిన రోజు నేను కొబ్బరికాయ కొట్టాను. ఒట్టు.

కానీ ఒకటి. నా పెట్టెలో అరవై రికార్డులే. ఏ పాట ఏ పక్కన ఎన్నో గాడిలో ఉందో చీకట్లో వేలితో తడిమి చెప్పేవాణ్ని. ఏ పాటకు ముసలమ్మలు లేస్తారో, ఏ పాటకు బావమరుదులు కొట్టుకుంటారో తెలుసు. ఇప్పుడు మా మనవడు డీజే. వాడి దగ్గర పది వేల పాటలున్నాయి. పాట మోగుతుంటే జనాన్ని చూడడు, తరువాతి పాట కోసం స్క్రీన్ చూస్తుంటాడు.

చాటల్ బ్యాండ్
కాకా, మీ మనవణ్ని కాదు, నన్నే అన్నట్టుంది.

హన్మకొండ డెక్స్
అందరికీ థ్యాంక్స్. టర్న్‌టేబుళ్లు కొనడం లేదు. నల్లరికార్డు అన్న నెల రోజులకు తన పాత టెక్నిక్స్ టర్న్‌టేబుళ్ల జత ఇస్తానన్నాడు. 1972 నుంచి వస్తున్న మోడల్, 2010లో ఆపేసి 2016లో మళ్లీ తెచ్చారంటే ఆ మెషిన్‌లో ఏదో ఉందనే కదా. పన్నెండు రికార్డులు కూడా అప్పుగా తెచ్చుకున్నాను. నాలుగు పాత తెలుగు, మిగతావి హౌస్, డిస్కో. టైమ్‌కోడ్ ఒప్పుకోమన్నా సరే, చెల్లె చెప్పింది క్లబ్ వాళ్లకు మెయిల్ పెట్టాను: గంటలో పది నిమిషాలు టైమ్‌కోడ్ మీద తీన్మార్ వేయనివ్వమని. ఇంకా జవాబు లేదు. కాదంటే మిగతా యాభై నిమిషాలు వేస్తానా లేదా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

నిన్న ఇంట్లో మొదటిసారి పెట్టాను. టేబుల్ కింద బేస్ బాక్స్ ఉంది. వాల్యూమ్ పెంచగానే గుయ్‌మని ఒకటే మోత, ముల్లు ఎగిరి పాట మధ్యకు దూకింది. ఏం చేయాలి?

ఫ్యూజు వైరు
బాక్స్ అదురు ముల్లుకు ఎక్కి, మళ్లీ బాక్స్‌లోకి పోతోంది. టేబుల్ వేరే గోడకు మార్చు, కింద మందపాటి రబ్బరు వెయ్యి. ముల్లు గాడి మీద మోపే బరువు మూడు గ్రాముల దగ్గర సరిచూసుకో.

మైక్‌సెట్ కాకా
ముల్లు తల మీద పావలా బిళ్ల పెట్టు బిడ్డా. ఎగరదు.

నల్లరికార్డు
వద్దు!! కాకా, దండం పెడతా, అవి నా రికార్డులు!

ఫ్యూజు వైరు
పావలా సుమారు 2.8 గ్రాములు. ముల్లు బరువు రెట్టింపవుతుంది. ఎగరదు నిజమే, గాడి మాత్రం నాగలి దున్నినట్టవుతుంది.

మైక్‌సెట్ కాకా
మేం దున్నే వాయించాం. పావలా 2011లో చెల్లకుండా పోయింది, నా రేకు పెట్టెలో ఇంకా ఏడున్నాయి. కావాలంటే వచ్చి తీసుకుపో.